కుక్కపిల్ల కాలు విరిగితే



కుక్కపిల్ల కాలు విరిగిందంటే మన వైపు ముందుగా వినబడే మాట, "కుక్క కాలు కదా బావూ, దానంతటదే అతికిపోతాది" అని. అందులో సగం నిజముంది. ఆ సగాన్ని నమ్ముకున్నందుకే ఎన్నో పిల్లలు జీవితాంతం కుంటుతున్నాయి. ఇవాళ రెండో సగం చెబుతాను.

ఇచ్ఛాపురం దగ్గర మన రాష్ట్రంలోకి వచ్చే 16వ నంబరు జాతీయ రహదారి పలాస-కాశీబుగ్గ, టెక్కలి మీదుగా శ్రీకాకుళం వైపు పోతుంది. దాని మీద లారీ తగిలిన కుక్కపిల్లకి కాలి గురించి బెంగపడే అవకాశం ఎటూ ఉండదు. కాళ్లు విరిగేది ఊళ్లోకి దిగిన రోడ్ల మీద, సందుల్లో, మోటారుసైకిలు కింద, వెనక్కి తిప్పుతున్న ఆటో చక్రం కింద. వీధికుక్కలు ఎక్కువగా చలికాలంలో పిల్లలు పెడతాయి. ఆ పిల్లలకి రోడ్డెక్కే వయసొచ్చేసరికి సంక్రాంతికి వచ్చిన బళ్లతో ఊళ్లన్నీ నిండి ఉంటాయి. ఇంట్లో పెంచేవాటి గండాలు వేరు. చిన్నపిల్లల చేతుల్లోంచి జారిపడతాయి, తలుపు సందులో కాలు ఇరుక్కుంటుంది, పశువుల సాలలో ఆవు తొక్కుతుంది. మన ఉద్దానంలో జీడితోటకీ కొబ్బరితోటకీ కాపలాకుక్క తప్పదు. ఎలుగుబంటి జాడని మనకన్నా ముందు పసిగట్టేది అదే. అలాంటి పిల్లని తెచ్చి కొబ్బరిచెట్టు మొదట్లో కట్టేస్తాం. పైనుంచి ఒక ఎండుమట్ట రాలితే చాలు.

ఇక ఆ సగం నిజం సంగతి. చిన్నపిల్ల ఎముక చుట్టూ ఉండే పొర మందంగా ఉంటుంది, దానికి రక్తం బాగా అందుతుంది. అందుకే చాలాసార్లు ఎముక రెండు ముక్కలు కాకుండా ఒక పక్క చిట్లి, రెండో పక్క వంగి ఊరుకుంటుంది. 3 నెలల లోపు పిల్లకి సరైన కట్టు పడితే 2 నుంచి 4 వారాల్లో ఎముక గట్టిపడుతుంది. 3 నుంచి 6 నెలల పిల్లకి 4 నుంచి 6 వారాలు. ఏడాది దాటిన కుక్కకి 7 నుంచి 12 వారాలు పట్టవచ్చు. తొడ ఎముక విరిగి నెలల తరబడి మంచం పట్టిన మనిషిని చూసినవాళ్లకి ఇది వింతే. అయితే పిల్లకి ముప్పు తెచ్చేది కూడా ఈ వేగమే. తప్పుగా ఆనుకున్న ముక్కలు కూడా ఇంతే త్వరగా అతికిపోతాయి. వారం చూద్దాంలే అని మనం ఆగిన ఆ వారంలో ఎముక తనకు తోచిన వంకరలో సగం గట్టిపడి కూర్చుంటుంది. మొదటి రెండు రోజుల్లో తేలికగా అయ్యే పని పదోనాటికి పెద్ద ఆపరేషనవుతుంది.

అంతకన్నా పెద్ద చిక్కు ఎదుగుదలది. ఎముక పొడవు పెరిగేది నడుమ కాదు, కొసల దగ్గర. అక్కడ మెత్తటి పలక ఒకటుంటుంది. దాన్ని ఎదుగుదల పలక అందాం. కొబ్బరిరైతులకి దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. మట్టలు విరిగిన చెట్టు తేరుకుంటుందనీ, మొవ్వు విరిగిన చెట్టు నిలబడి ఉన్నా బతకదనీ 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటిన తర్వాత ఉద్దానంలో ఎవరినడిగినా చెబుతారు. ఎముకకి ఆ పలకే మొవ్వు. పైగా ఎముక మొత్తంలో బలహీనమైన చోటు కూడా అదే. పెద్దకుక్కకి కీలు బెణికే దెబ్బే పిల్లకి తగిలితే ఈ పలక దగ్గర విడిపోతుంది. టొరంటోలో సాల్టర్, హారిస్ అనే ఇద్దరు ఎముకల వైద్యులు 1963లో మనుషుల పిల్లల కోసం ఈ దెబ్బల్ని ఐదు రకాలుగా విడదీశారు. పశువైద్యులు ఇప్పుడు కుక్కపిల్లలకీ అదే లెక్క వాడుతున్నారు. మొదటి రకాలు వెంటనే సరిచేస్తే బాగానే నయమవుతాయి. ఐదోదే దొంగది. అందులో పలక నలిగిపోతుంది, కానీ మొదటిరోజు ఎక్స్‌రేలో ఏమీ కనబడదు.

ఆ దొంగదెబ్బ ఎక్కువగా తగిలేది ముందుకాలికి. మోచేతి కింద రెండు ఎముకలు పక్కపక్కనే కలిసి పెరగాలి. వాటిలో వెనకదాన్ని అల్నా అంటారు, ముందుదాన్ని రేడియస్ అంటారు. అల్నా కింది కొస పలక శంకువు ఆకారంలో ఉంటుంది కాబట్టి ఏ పక్కనుంచి దెబ్బ తగిలినా నలుగుతుంది. అల్నా పొడవులో దాదాపు 85 శాతం పెరిగేది అక్కడే. అది ఆగిపోయిందనుకోండి, రేడియస్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. పక్కది పట్టి ఉంచుతుంటే నిటారుగా సాగలేక అది వంగిపోతుంది, పంజా బయటికి తిరుగుతుంది, మోచేతి కీలు తప్పుతుంది. నాలుగో నెలలో ఆటో తగిలి, కొన్నాళ్లు కుంటి, మామూలైపోయిన పిల్లకి ఆరో నెలలో కాలు వంకరవుతుంటే ఇంట్లోవాళ్లకి ఆ ఆటో గుర్తుకురాదు. ఎముకల్లో బలం లేదనుకుని కాల్షియం సిరప్ పోస్తారు. ఎన్ని సీసాలు పోసినా నలిగిన పలక తిరిగి రాదు.

వంకర మొదలవుతుండగా పట్టుకుంటే వైద్యముంది. అల్నాలోంచి చిన్న ముక్క కోసి తీసేసి రేడియస్‌కి పట్టు విడిపిస్తారు. మిగిలిన నెలల ఎదుగుదలలో చాలావరకు అదే సర్దుకుంటుంది. ఎదుగుదల అయిపోయాక వెళితే మాత్రం ఎముకని కోసి, తిప్పి, ప్లేటు బిగించాలి. అందుకని ముందుకాలికి గట్టి దెబ్బ తగిలిన పిల్లకి కుంటు తగ్గినా సరే, రెండు మూడు వారాలకి ఇంకో ఎక్స్‌రే తీయించండి. డాక్టరు బాగున్న కాలికి కూడా ఎక్స్‌రే తియ్యాలంటే బిల్లు పెంచడానికనుకోకండి. ఎదుగుదల పలక ఎక్స్‌రేలో నల్లటి గీతగా కనబడుతుంది, విరిగిన గీతా అలాగే ఉంటుంది. రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఏది ఏదో తేలుతుంది.

దెబ్బ తగిలిన గంటలో ఏం చెయ్యాలంటే, ముందు కాలిని వదిలేసి పిల్లని చూడాలి. బండి గుద్దినప్పుడు ఊపిరితిత్తులు దెబ్బతినవచ్చు, వాటికీ పొట్టకీ మధ్య ఉండే పొర చిరగవచ్చు, మూత్రసంచి పగలవచ్చు. చిగుళ్లు తెల్లగా పాలిపోయాయా, ఊపిరి ఎగపోస్తోందా, ఆ రోజు మూత్రం పోసిందా అన్నవి గమనించి డాక్టరుకి చెప్పండి. మంచి డాక్టరు చాలాసార్లు కాలి ఆపరేషన్ ఆ పూటే చెయ్యరు. ఒకటి రెండు రోజులు సెలైన్లతో, నొప్పిమందుతో పిల్లని నిలబెట్టాకే చేస్తారు. అది నిర్లక్ష్యం కాదు. పాలూ అన్నం పెట్టి తీసుకెళ్లకండి, మత్తు ఇవ్వాల్సి రావచ్చు. ఎముక చర్మం చీల్చుకుని బయటికి వస్తే ఉతికిన గుడ్డ కప్పి అదే రోజు ఆసుపత్రికి చేర్చండి. పసుపు, కాఫీపొడి, కిరసనాయిలు ఏవీ వెయ్యకండి. ఎముకలోకి చీము పట్టిందంటే నెలల తరబడి కారుతూనే ఉంటుంది.

నొప్పిలో ఉన్న పిల్ల పెంచినవాళ్లనైనా కరుస్తుంది. గుడ్డపేలికతో మూతి మెత్తగా కట్టండి, వాంతి చేసుకుంటున్నా ఊపిరందకపోయినా మాత్రం కట్టకండి. గోనెసంచి మీదికి జరిపి, నాలుగు అంచులూ పట్టుకుని ఎత్తండి. మోటారుసైకిలు మీద కాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని తీసుకెళ్లడం విరిగిన ఎముకని ఇంకా విరగ్గొట్టడమే. వీధిపిల్ల కరిస్తే, చిన్న గీత పడినా సరే, పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే రేబిస్ టీకా వేయించుకోండి. ఇందులో మొహమాటం వద్దు, వాయిదా అసలే వద్దు.

ఇక కట్టు. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువాళ్లు తక్కువ. వెదురుబద్దలు, గుడ్డుసొన, ఆకుపసరు పెట్టి కట్టేవాళ్లు మన పల్లెల్లోనూ ఉన్నారు. వాళ్లని తీసిపారెయ్యను. మోకాలి కింద ఎముక స్థానం తప్పకుండా చిట్లిన పిల్లకి ఆ కట్టూ పనిచేస్తుంది, డాక్టరు వేసే పిండికట్టూ పనిచేస్తుంది. రెండింటికీ సూత్రం ఒకటే, విరిగిన చోటికి పైనున్న కీలూ కిందనున్న కీలూ రెండూ కదలకూడదు. ఈ సూత్రం దగ్గరే తొడ ఎముక మనల్ని ఓడిస్తుంది. కుక్కల్లో ఎక్కువగా విరిగేది ఆ ఎముకే. దానికి పైకీలు తుంటి. తుంటిని ఏ కట్టూ పట్టి ఉంచలేదు. తొడ విరిగిన పిల్లకి కాలంతా పిండికట్టు వేస్తే ఆ కట్టు పైఅంచు సరిగ్గా విరిగిన చోటుకి వచ్చి ఆగుతుంది, దాని బరువు కింది ముక్కని లాగుతూ ఊగుతుంది. కట్టు లేకుండా వదిలేయడమే దానికన్నా నయం. భుజానికీ మోచేతికీ నడుమ ఎముక కథా ఇదే. ఈ రెండింటికీ ఆపరేషనే దారి, మన భాషలో చెప్పాలంటే రాడ్డు వెయ్యాలి. చిన్నపిల్లలకి చాలాసార్లు ఎముక బోలులోంచి ఒక స్టీలు పిన్ను, మోకాలి దగ్గర పలక విడిపోతే అడ్డదిడ్డంగా రెండు సన్నటి పిన్నులు సరిపోతాయి. ఎదుగుదల పలక గుండా నున్నటి పిన్ను పోతే ఎదుగుదల సాగుతుంది, మరలున్న స్క్రూ పోతే ఆగిపోతుంది. ఈ రెండింటిలో ఏది వేస్తున్నారో ఆపరేషన్ ముందు డాక్టరుని అడగండి, తప్పులేదు.

తొడ ఎముక విషయంలో అందరూ భయపడాల్సిన చిక్కు ఇంకొకటుంది, దాని గురించి మాత్రం చాలామందికి తెలియదు. మోకాలికి పైన విరిగి, కాలు చాచి ఉంచేలా కట్టు పడిన పిల్లలో తొడ ముందు కండరం కొత్తగా పెరుగుతున్న ఎముకకి అంటుకుపోతుంది. మూడు నాలుగు వారాలకి కట్టు విప్పితే ఎముక చక్కగా అతికి ఉంటుంది, కాలు మాత్రం మడతపడదు. మోకాలు బిగిసి, మడమ బిగిసి, కాలు వెనక్కి చాచుకునే ఉంటుంది. నేల మీద ఈడ్చుకుంటూ తిరగడంతో పుండ్లు పడతాయి. ఎక్స్‌రే చూస్తే వైద్యం గెలిచినట్టు, పిల్లని చూస్తే ఓడినట్టు. ఒకసారి బిగిసిన కాలు తిరిగి మామూలు కావడం అరుదు. దీనికి విరుగుడు ముందుజాగ్రత్తే: తొందరగా పిన్నుతో బిగించడం, ఆపరేషన్ తర్వాత కొద్దిరోజులు అవసరమైతే మోకాలిని మడిచి ఉంచే కట్టు, ఆ తర్వాత డాక్టరు చెప్పిన రోజు నుంచి రోజుకి నాలుగైదుసార్లు మెల్లగా మడిచి చాచడం. పిల్ల ఏడుస్తుందని మానేస్తే కాలు పోతుంది. కుట్లు మానాక పొట్టలోతు నిలవనీళ్లలో నడిపిస్తే కండరం బాగా సాగుతుంది. సముద్రం దగ్గరుంది కదా అని అలల్లోకి మాత్రం తీసుకెళ్లకండి, ఒక్క అల చాలు అంతా పాడవడానికి.

పిండికట్టు వేసిన పిల్ల ఇంటికొచ్చాక పని మనది. పిల్ల పెరుగుతుంది, కట్టు పెరగదు. వారం పది రోజులకోసారి చూపించి మార్పించకపోతే లోపల రక్తం ఆడక వేళ్లు కుళ్లిపోతాయి. రోజూ వేళ్లు ముట్టుకుని చూడండి. చల్లబడినా, వాచినా, కట్టు వాసన వేసినా, పిల్ల కట్టుని కొరుకుతున్నా మర్నాటి దాకా ఆగకండి. మన తీరంలో గాలే తడిగా ఉంటుంది, వానాకాలంలో సరేసరి. బయటికి తీసుకెళ్లేటప్పుడు కట్టు మీద ప్లాస్టిక్ సంచి తొడిగి, లోపలికి రాగానే తీసెయ్యండి. తొడిగే ఉంచితే చెమటకి కింద చర్మం పాచిపోతుంది. ఎముక అతికేదాకా పరుగులూ మెట్లూ కూడదు. చిన్నపిల్లకి బోనే కొననక్కర్లేదు, కోడిగంప చాలు.

నొప్పి మాత్రల గురించి ఉద్దానంలో చెప్పడం నాకు తేలిక. కిడ్నీ జబ్బు మన పల్లెల్ని ఎంత తిన్నదో, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరవాల్సిన అవసరం ఎందుకొచ్చిందో మీకు నేను చెప్పాలా. డాక్టరు చీటీ లేకుండా నొప్పి మాత్ర మింగొద్దని ఇక్కడ ప్రతి ఇంట్లోనూ తెలుసు. కుక్క కిడ్నీలూ కిడ్నీలే. మందుల షాపులో దొరికే ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేసి రక్తం కారేలా చేస్తాయి, కిడ్నీలని దెబ్బతీస్తాయి. రక్తం పోయి నీరసించిన పిల్లకి ఇంకా ప్రమాదం. పశువైద్యులు కుక్కలకి వాడే మెలాక్సికామ్‌నే ఉదాహరణగా తీసుకోండి. 3 కిలోల పిల్లకి కావాల్సింది రోజుకి 0.3 నుంచి 0.6 మిల్లీగ్రాములు, మనుషుల మాత్ర 7.5 లేదా 15 మిల్లీగ్రాములు. సగం మాత్ర, పావు మాత్ర అన్న ఊరి లెక్క ఎక్కడ పనికొస్తుంది?  

దెబ్బే తగలకుండా కాలు విరిగే పిల్లలూ ఉంటాయి. అరుగు మీంచి దూకిందంతే, కాలు మడతపడిపోయింది. ఇలాంటి పిల్లలు ఏం తింటున్నాయని అడిగితే చికెన్ షాపు నుంచి తెచ్చిన తోలూ పేగులూ, లేదా ఉత్తి అన్నం అని జవాబొస్తుంది. ఎముక లేని మాంసంలో కాల్షియం కన్నా భాస్వరం 15, 20 రెట్లు ఎక్కువ. రక్తంలో కాల్షియం తగ్గకుండా చూడటానికి ఒళ్లు తన ఎముకల్నే కరిగించుకుంటుంది. ఎక్స్‌రేలో ఎముకకీ కండకీ తేడా తెలియనంత పలచబడతాయి. వీటికి రాడ్డు వేసినా నిలవదు, పట్టుకోవడానికి ఎముకలో పస ఉండాలి కదా. కొన్ని వారాలు కదలకుండా ఉంచి తిండి మార్చడమే వైద్యం. కుక్కపిల్లల ఆహారం కొనగలిగితే అది, లేకపోతే మాంసంతో పాటు పాలు, గుడ్లు, చోడిపిండి జావ, డాక్టరు తూకం చెప్పిన కాల్షియం. ఎండలో కట్టేస్తే డి విటమిన్ వస్తుందని కొందరంటారు. మనుషులకి వస్తుంది. కుక్క చర్మం దాన్ని చాలినంత తయారుచేసుకోలేదు, తిండిలోంచే రావాలి. మరోవైపు లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ పిల్లల్ని కొన్నవాళ్లు మంచి తిండి పెడుతూనే పైన కాల్షియం పోస్తుంటారు. పెద్దజాతి పిల్లల ఎముకలు దానివల్ల వంకరపోతాయి.

చిన్న బొచ్చుకుక్కల సంగతి ఒక్క ముక్క. సోఫా మీంచి దూకి మణికట్టుకి పైన విరగ్గొట్టుకోవడం వాటికి మామూలు. అక్కడ ఎముక సన్నం, రక్తం తక్కువ. కట్టుతో సరిపెడితే నెలలు గడిచినా అతకకపోవచ్చు, ప్లేటు వేయించడమే మంచిది.

మన పలాసలో, టెక్కలిలో పశువుల ఆసుపత్రులున్నాయి. మొదటి చూపు అక్కడే. తొడ ఎముక ఆపరేషన్‌కి దూరం వెళ్లాల్సి రావచ్చు. విజయనగరం జిల్లా గరివిడిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వారి కళాశాల ఉంది. ఇచ్ఛాపురం, సోంపేట వాళ్లకి భువనేశ్వర్‌లో ఒడిశా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి పశువైద్య కళాశాల ఉంది. ఖర్చు పెట్టలేనివాళ్లు ఉంటారు, నలిగి చచ్చుబడిన కాలున్న పిల్లలూ ఉంటాయి. అప్పుడు కాలు తీసెయ్యడం ఓటమి కాదు. కుక్క బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ల మీదే పడుతుంది. ఒక వెనకకాలు లేకపోయినా కొద్దివారాల్లోనే పరుగెడుతుంది. పనికిరాని కాలిని పుండ్లతో ఈడ్చుకుంటూ బతకడం కన్నా మూడు కాళ్ల మీద హాయిగా తిరగడం మేలని నా నమ్మకం.

వీధిపిల్ల అయితే ఎవరిదని చూడకండి. 1962 నంబరుకి ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం వాళ్లతో మాట్లాడండి, ప్రథమ చికిత్సకీ ఎక్కడికి తీసుకెళ్లాలన్న సలహాకీ అది పనికొస్తుంది. ఆ నంబరు ఇప్పుడే మీ ఫోన్లో వేసుకోండి.